సగం నంది

పోయిన ఆదివారం, అమెరికాలో మేం ఉండే ఆష్‌బర్న్‌లో, మేం వెళ్ళే గుడి నోటీసుబోర్డు మీద కొత్త కాగితం కనిపించింది. నేపాల్ యాత్ర. పశుపతినాథ్, పాటన్, భక్తపూర్, ముక్తినాథ్. కింద పెద్దక్షరాల్లో రెండు హామీలు: పూటపూటా సౌత్ ఇండియన్ ఫుడ్, షాపింగ్‌కి విడిగా టైమ్. కాఠ్మాండు దాకా వెళ్ళి ఇడ్లీ తిని, ఇత్తడి గిన్నెలు కొనుక్కుని రావడాన్ని మావాళ్ళు యాత్ర అంటారు. నేనూ ఒకసారి అలాగే వెళ్ళొచ్చాను కాబట్టి ఎవరినీ ఏమీ అనలేను. ఆ కాగితం ముందు నిలబడేసరికి డాక్టరమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ప్రసాదం కప్పు చేతిలో పట్టుకుని అక్కడే చాలాసేపు ఉండిపోయాను.

ఆవిడ పెథాలజిస్టు. మనుషుల్ని చూసే డాక్టర్ని కాదు, మనుషుల ముక్కల్ని చూసే డాక్టర్ని అని తనే చెప్పుకునేవారు. ఉద్యోగమంతా ఒక ఆసుపత్రి అడుగు అంతస్తులో, కిటికీ లేని గదిలో, మైక్రోస్కోపు ముందు గడిచింది. రిటైరయ్యాక కూడా ఒక కన్ను మూసే అలవాటు పోలేదు. చీర అంచు చూడాలన్నా, హోటల్లో మెనూ చూడాలన్నా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఎడమ కన్ను మూసి, వస్తువుని ముక్కుదాకా తెచ్చుకునేవారు. చూడాల్సింది మనిషైతే ఆవిడే దగ్గరికి వెళ్ళేవారు. కొత్తగా వచ్చిన కోడళ్ళు భయపడి వెనక్కి జరిగేవాళ్ళు.

ఆవిడకి ఒక మాట ఉండేది. "చూసింది చెప్పు. అనుకున్నది తర్వాత చెబుదువుగాని." తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్కుల్లో ఈ మాట దెబ్బకి ఎన్ని కబుర్లు గొంతులోనే ఆగిపోయాయో. ఒకసారి మా వీధిలో ఉండే ఒకామె ఎవరో పిల్ల గురించి మొదలుపెట్టింది, ఇంట్లోంచి వెళ్ళిపోయిందట, ఎవరితోనో ఉంటోందట అని. డాక్టరమ్మ గారు పేపరు ప్లేటు పట్టుకుని దగ్గరికి వచ్చి, "నువ్వు చూశావా?" అన్నారు.

"లేదండీ. అందరూ అంటుంటేనూ."

"అయితే పప్పు వడ్డించు," అన్నారు.

మెచ్చుకోవడం ఆవిడకి చేతకాదు. బాగుంటే "ఫర్వాలేదు" అనేవారు. చాలా బాగుంటే "ఫర్వాలేదే" అని చివర కొంచెం సాగదీసేవారు. అంతకుమించి పొగడ్త ఆవిడ నోట ఎవరూ వినలేదు. నాకు ఆవిడంటే మొదట్లో భయం, తర్వాత ఇష్టం. ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగాక కోపం కూడా వచ్చి చేరింది. ఆ కోపం ఇంకా పోలేదు.

వాళ్ళ పూజగదిలో ఒక నల్లరాతి విగ్రహం ఉండేది. మూరెడు ఎత్తు. శివుడు కూర్చుని ఉంటే పార్వతి ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, ఇంట్లో సోఫాలో వాలినంత తీరుబడిగా వాలి ఉంటుంది. కింద వరసలో గణాలు, ఒక మూల నంది. నందికి తల ఉంది, మూపురం ఉంది, ముందుకాళ్ళున్నాయి. వెనక సగం లేదు. అక్కడ రాయి ఏటవాలుగా విరిగిపోయింది.

దాన్ని తెచ్చింది వాళ్ళాయన. బ్రిడ్జిలు డిజైన్ చేసే ఇంజనీరు, పెద్దగా నవ్వే మనిషి. ఆష్‌బర్న్‌లో గుడి కడదామని ఇంటింటికీ తిరిగిన మొదటివాళ్ళలో ఆయనొకరు. గుడి లాబీలో పాలరాతి పలక మీద ఆయన పేరు ఇప్పటికీ ఉంది. ఆయనకి ఎస్టేట్ సేల్స్ పిచ్చి. ఎవరో పోతారు, పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లన్నీ అమ్మేస్తారు, ఈయన శనివారం పొద్దున్నే వెళ్ళి టైము చూపించని గడియారాలు ఏరి తెచ్చేవారు. మేరీలాండ్‌లో అలాంటి ఒక ఇంటి పెరట్లో ఈ రాయి కనిపించిందట. పూలమొక్కల మధ్య దేవుడు, దేవుడి చుట్టూ చుట్టిపెట్టిన నీళ్ళ పైపు. చూడలేక లాన్‌మోవర్‌తో పాటు దాన్నీ కొనుక్కొచ్చేశారు. ఈ కథ ఆయన చెబుతుంటే నేనే రెండు మూడుసార్లు విన్నాను.

భిన్నమైన విగ్రహం ఇంట్లో పెట్టుకోకూడదని చెప్పినవాళ్ళు లేకపోలేదు. "కాలు విరిగినవాణ్ణి ఆసుపత్రికి తీసుకొస్తారు గానీ పారేస్తారా?" అని డాక్టరమ్మ గారు కొట్టిపారేశారు. రోజూ స్నానం చేయించి, విభూది పెట్టి, దద్దోజనం నైవేద్యం పెట్టేవారు. నందికి కూడా బొట్టు పెట్టేవారు. ఆయన పోయాక ఇంట్లో ఆవిడ మాట్లాడేది ఆ రాతితోనే.

ఆయన పోయిన మరుసటి ఏడు గుడివాళ్ళు నేపాల్ యాత్ర వేశారు. ఆవిడ పేరిచ్చారని తెలిసి నేనూ ఇచ్చాను. రూములో నా జోడీ ఆవిడే.

పశుపతినాథ్‌లో గర్భగుడి పూజారులు కర్ణాటక నుంచి వచ్చినవాళ్ళని తెలియగానే మావాళ్ళు సగం చుట్టరికం కలిపేసుకున్నారు. దర్శనం అయి బయటికొచ్చాక బాగమతి నది ఒడ్డున చితులు కనిపించేసరికి అదే జనం మొహాలు తిప్పుకుని బస్సుకేసి నడిచారు. డాక్టరమ్మ గారు మాత్రం అవతలి ఒడ్డు మెట్ల మీద కూర్చున్నారు. ఎదురుగా ఎవరినో బంతిపూల కింద పడుకోబెట్టి, పాదాలు నీళ్ళకి తగిలేలా దించుతున్నారు. కొడుకు కాబోలు, గుండు చేయించుకున్న మనిషి దోసిలితో నీళ్ళు పోస్తున్నాడు. వెళదామా అంటే ఆవిడ కదల్లేదు.

"మావారి దహనానికి బటన్ నొక్కాం," అన్నారు కాసేపటికి. "మా అమ్మాయే నొక్కింది. గోడకి ఉంది, ఎలివేటర్‌కి ఉన్నట్టు. నొక్కేసి, అంతేనా మమ్మీ అంది. అంతే అన్నాను."

నేనూ ఆ మెట్టు మీదే కూర్చున్నాను. పొగ మా వైపే వచ్చింది. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకోలేదు.

ఊళ్ళో తిరగడం మాత్రం ఆవిడకి బాగా నచ్చింది. అసన్ బజారులో వీధులన్నీ ఒక్కచోట కలుస్తాయి, మధ్యలో అన్నపూర్ణ గుడి. ఆవనూనె వాసన, ఎండుచేపల వాసన, పసుపు రాసులు, దీపపు కుందెలు. నుదుటికి పట్టీ తగిలించుకుని వీపు మీద బీరువా మోసుకుపోతున్న మనిషికి దారిస్తూ మావాళ్ళు రుద్రాక్షల కొట్లో దూరారు. డాక్టరమ్మ గారు ఒకటి తీసుకుని, ఒక కన్ను మూసి చూసి, "ప్లాస్టిక్," అని కొట్టువాడికే తిరిగిచ్చారు. వాడు నవ్వి లోపల్నుంచి ఇంకో డబ్బా తీశాడు. భక్తపూర్‌లో అయిదంతస్తుల గుడి ముందు నిలబడి "ఫర్వాలేదు" అన్నారు. అక్కడ మట్టిమూకుళ్ళలో అమ్మే పెరుగు తిని "ఫర్వాలేదే" అని ఇంకో మూకుడు తెప్పించుకున్నారు. గుళ్ళకంటే పెరుగుకే ఎక్కువ మార్కులు పడ్డాయని నేను ఏడిపిస్తే, తిన్నది చెప్పాను అన్నారు.

ఆ వీధుల్లో కుళాయిల పక్కన, ఇళ్ళ గోడల్లో గూళ్ళు ఉంటాయి. గూళ్ళలో దేవుళ్ళు. తిరగ్గా తిరగ్గా ఆవిడ ఒక సంగతి గమనించారు. "అమ్మాయ్, మా ఇంట్లోవాళ్ళు ఇక్కడ వీధివీధికీ ఉన్నారు," అన్నారు. నిజమే. శివుడు కూర్చోవడం, పార్వతి వాలడం, కింద నంది. అదే కూర్చోవడం, అదే వాలడం.

పాటన్‌లో రాతిబొమ్మలు అమ్మే కొట్టుకి వెళ్ళినప్పుడు ఆవిడ కొట్టు అతన్ని అడిగారు, ఇలాంటివి పాతవి ఉన్నాయా అని. అతను హిందీలో, చాలా మామూలుగా చెప్పాడు. "పాతవి ఇక్కడేం ఉన్నాయి మేడమ్? పాతవి చూడాలంటే మీ అమెరికాలోనే చూడాలి. మా చిన్నప్పుడే అన్నీ పట్టుకుపోయారు." ఆవిడ మొహం నాకు బాగా గుర్తుంది. నుదుటి మీది కళ్ళజోడు కళ్ళకి దించుకున్నారు. ఎవరు పట్టుకుపోయారు, ఎక్కడెక్కడివి అని ఒకదాని తర్వాత ఒకటి అడుగుతుంటే, కొట్టు అతను విసుగుపడకుండా పక్కింట్లో ఉండే రిటైర్డ్ స్కూలు మాస్టారిని పిలిచాడు. ఖాళీ గూళ్ళు చూపించమని అడిగినవాళ్ళకల్లా ఆయన చూపిస్తారట.

మర్నాడు మిగతావాళ్ళు షాపింగ్‌కి వెళ్ళారు. మేమిద్దరం మాస్టారి వెనక నడిచాం. ఒక గూట్లో పాదాలు మాత్రమే ఉన్నాయి. ఇంకోదాంట్లో తల వెనక ఉండే ప్రభ మాత్రం మిగిలింది. ఇంకోదాంట్లో సిమెంటుతో కొత్త బొమ్మ పెట్టారు. ప్రతిచోటా ఆవిడ ఆగి, ఒక కన్ను మూసి, విరిగిన అంచు మీద వేలి వెనకభాగం ఆనించి చూశారు. ఆవిడ దేనికోసం చూస్తున్నారో నాకు అర్థమైంది. దొరక్కూడదని లోపల్లోపల దండం పెట్టుకున్నాను.

నాలుగిళ్ళకి ఉమ్మడిగా ఉన్న ఒక వాకిట్లో దొరికింది. భూకంపంలో కుంగిన గోడకి దుంగలు ఊతం పెట్టి ఉన్నాయి. ఆ గోడలో గూడు, గూట్లో అడుగున విరిగిన రాతి ముక్క. దాని మీద నంది వెనకభాగం ఉంది. ముడుచుకున్న వెనకకాళ్ళు, తొడ మీదికి వంపు తిరిగిన తోక. తల లేదు, మూపురం లేదు. దాని మీద తడి ఆరని కుంకుమ, బియ్యం గింజలు, ఒక బంతిపువ్వు ఉన్నాయి. ఆ వాకిలి పెద్దావిడ ఒకరు రాగి చెంబుతో వచ్చి మమ్మల్ని పక్కకి జరగమని చేత్తో చెప్పి, ఆ ముక్క మీద నీళ్ళు పోసి వెళ్ళబోయింది. దేవుడు లేడు కదా, ఎవరికి పోస్తున్నారని డాక్టరమ్మ గారు మాస్టారి చేత అడిగించారు. పెద్దావిడ వాళ్ళ భాషలో ఏదో అంది. మాస్టారు హిందీలోకి మార్చారు. "ఊరెళ్ళారు, వస్తారు అంటోంది. వచ్చేసరికి గూడు ఎండిపోయి ఉంటే బాగుండదు అంటోంది."

డాక్టరమ్మ గారు గబగబా సందు మొదటికి నడిచి, మోమోలనే పిండి కుడుములు చేసే కొట్లో పిండిముద్ద కావాలని సైగ చేశారు. దానికి నూనె రాసి, వచ్చి ఆ విరుగు మీద నొక్కి, కాసేపు అరచేత్తో అదిమిపెట్టి, మెల్లగా ఊడదీశారు. విరుగు అచ్చు మొత్తం పిండిలోకి దిగింది. ఆ ముద్దని హోటలు కిటికీలో ఎండబెట్టి, స్కార్ఫులో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు. మా ఊరి పక్కనే ఉన్న డల్లెస్ ఎయిర్‌పోర్టులో ఆఫీసరు అదేమిటని అడిగితే "స్పెసిమెన్" అన్నారు. ఆ ఒక్క మాటతో మమ్మల్ని పక్కకి నిలబెట్టి బ్యాగులన్నీ విప్పించారు. ఆ పూట మాత్రం ఇద్దరం నవ్వుకున్నాం.

ఇల్లు చేరిన మర్నాడు పొద్దున్నే ఫోను చేసి రమ్మన్నారు. విగ్రహం మీద బట్టా పూలూ తీసేసి ఉన్నాయి. ఎండిన పిండిముద్ద చేతిలోకి తీసుకుని, "ఎండితే కుంచించుకుపోతుంది. ఫార్మలిన్‌లో వేసిన ముక్క కూడా అంతే. ఆ తేడా ఎంత ఉండాలో నాకు తెలుసు," అన్నారు. దాన్ని నంది నడుం విరిగినచోటు పక్కన పెట్టి పోల్చారు. కొంచెం చిన్నగా, కానీ గుంటకి గుంట, గట్టుకి గట్టు సరిపోయింది. అనుమానానికి చోటు లేదు.

ఆవిడ చాప మీద చతికిలబడ్డారు. "ఇన్నేళ్ళూ ఎవరింటి దేవుళ్ళకో మా గోత్రం చెప్పుకుంటూ కూర్చున్నాను," అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరగడం ఆ ఒక్కసారే చూశాను.

ఆ రోజు నుంచి పూజ మారిపోయింది. కోరుకోవడం మానేశారు. "వీళ్ళు చుట్టాలు. చుట్టాలకి అన్నం పెడతాం, పడక వేస్తాం, బండెక్కిస్తాం. నాకు మోకాళ్ళ నొప్పి తగ్గించండని చుట్టాల్ని అడుగుతామా?" అన్నారు. అన్నం పెట్టారు, పడక వేశారు. బండెక్కించడం దగ్గరే ఆగిపోయింది.

తెలిసిన లాయరుని ఎవరి సంగతో అన్నట్టు అడిగారు. తిరిగిచ్చేవాళ్ళని ఎవరూ ఏమీ అనరు, అయితే ఎవరు కొన్నారు, ఎక్కడ కొన్నారు అన్నది రాసివ్వాలి అన్నాడతను. పేపర్లో వస్తుందా అంటే, రావచ్చు, మంచి వార్తే కదా అన్నాడు. ఆవిడకి అది మంచి వార్తగా వినపడలేదు. మా వాట్సాప్ గ్రూపుల్లో అది ఎలా తిరుగుతుందో ఆవిడకి బాగా తెలుసు. గుడి కట్టించినాయన ఇంట్లో దొంగ విగ్రహం.

"ఆయన దొంగతనం చెయ్యలేదు కదండీ," అన్నాను.

"నాకు తెలుసు. వాళ్ళకి తెలియదు."

"చెబితే తెలుస్తుంది. చూసింది చెప్పమని మాకందరికీ క్లాసులు పీకుతారు కదా."

ఆవిడ మొహం తిప్పుకున్నారు. "అది స్లైడు గురించి," అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కారు. "మా అమ్మాయికి మాత్రం తెలియకూడదు. దానికి వాళ్ళ నాన్నంటే ప్రాణం. నాకు మాటివ్వు."

ఇచ్చాను. కూతురు బాల్టిమోర్ దగ్గర డెంటిస్టు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, వారం వారం తల్లిని చూడ్డానికి వచ్చేది. ఆ పిల్ల వచ్చిన రోజున విగ్రహానికి నిండా పూలు, పట్టుబట్ట. వెళ్ళగానే అన్నీ తీసేసి, మళ్ళీ చుట్టాల మర్యాద. ఈ నాటకం రెండు చలికాలాలు నడిచింది. పాటన్ మాస్టారికి మాత్రం రాశారు, దొరికింది, తెస్తాను, కొంచెం టైమివ్వండి అని. వాకిలివాళ్ళు గూటికి ఇనప తలుపు పెట్టిస్తామన్నారట. ఈ మంచు తగ్గాక అనేవారు. మోకాలు కాస్త నెమ్మదించాక అనేవారు. ఆ మధ్యలో తన పెళ్ళి చీరల్లో ఒకటి కత్తిరించి, లోపల దూది పరిచి, రాతి కొలతకి ఒక సంచీ కుట్టారు. దారిలో మళ్ళీ విరక్కూడదని. కుట్టు చూస్తే ఆపరేషన్ కుట్టులా దగ్గర దగ్గరగా, బిగుతుగా ఉంది. ఆ సంచీ చూశాక, ఇక పంపించేస్తారులే అని నమ్మాను.

నేను విజయవాడలో మా అన్నయ్య ఇంట్లో ఉన్నప్పుడు ఆవిడకి స్ట్రోక్ వచ్చింది. మాట పడిపోయిందట. రెండు రోజులు కూడా లేరు. వాట్సాప్‌లో ఫోటో, కింద ఓం శాంతులు. నేను తిరిగొచ్చేసరికి కర్మలన్నీ అయిపోయాయి. జెట్‌లాగ్‌తోనే, వచ్చిన మర్నాడు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. కూతురు ఒక్కతే ఉంది. అట్టపెట్టెల్లో సామాన్లు సర్దుతోంది. పూజగది తలుపు తీసి ఉంది. పీట మీద ఏమీ లేదు.

"విగ్రహం ఏదమ్మా?" అన్నాను.

"నిమజ్జనం చేసేసా ఆంటీ. అమ్మ యాషెస్‌తో పాటు. చీసాపీక్ బేలో, బోట్ రెంట్ చేసాం." ఆ పిల్ల చేతులు తుడుచుకుంటూ చెప్పింది. "ప్రీస్ట్‌ని అడిగా. డైలీ పూజ చేసేవాళ్ళు లేకపోతే ఇంట్లో ఉంచకూడదు, అందులోనూ బ్రోకెన్ కదా, వాటర్‌లో వదిలేయాలి అన్నారు. అమ్మ ఆల్రెడీ దానికి సిల్క్ బ్యాగ్ కూడా కుట్టి పెట్టింది ఆంటీ. పర్ఫెక్ట్‌గా ఫిట్ అయ్యింది. అమ్మకి కూడా అదే ఇష్టం అనుకున్నా."

నేను మెట్ల మీద కూర్చున్నాను. చనిపోయిన మనిషి మీద కోప్పడటం ఎంత చేతకానితనమో ఆ రోజు తెలిసింది. ఆవిడ అక్కడ ఉంటే భుజాలు పట్టుకుని ఊపేసేదాన్ని. ముక్క అంచు చూసి మనిషికి ఏం జరిగిందో చెప్పగలిగిన ఆవిడ, కన్న కూతురికి ఒక్క మాట చెప్పలేకపోయారు. ఇచ్చిన మాట ఇంకెవరి కోసం నిలబెట్టుకోవాలి అనిపించింది. చెప్పేశాను. పాటన్ వాకిలి, నంది తోక, పెద్దావిడ పోసిన నీళ్ళు, పిండిముద్ద, ఆ సంచీ ఎందుకు కుట్టారో, అన్నీ చెప్పాను. ఆ పిల్ల నిలబడే వింది. చివర్లో మెల్లగా గోడకి ఆనుకుంది.

"నాకెందుకు చెప్పలేదు ఆంటీ?"

"మీ నాన్నగారి పేరు పాడవుతుందని. నువ్వు తట్టుకోలేవని."

ఆ పిల్ల చాలా చిన్న గొంతుతో అంది. "డాడీకి తెలుసు ఆంటీ."

నాకు అర్థం కాలేదు.

"డాడీ ఒకసారి డీసీలో మ్యూజియంకి వెళ్ళినప్పుడు దాని ఫోటో ఎవరికో చూపించారంట. అది నేపాల్‌ది, స్టోలెన్ అయ్యుండొచ్చు అన్నారంట వాళ్ళు. డాడీ ఎవరికీ చెప్పలేదు. హాస్పిటల్‌లో ఉన్న లాస్ట్ డేస్‌లో నాకు చెప్పారు. అది మనది కాదు నాన్నా, కానీ మీ అమ్మకి చెప్పొద్దు, అమ్మకి ఆ పూజ తప్ప ఇంకేం లేదు అన్నారు. ప్రామిస్ తీసుకున్నారు. అమ్మ వెళ్ళిపోయాక ఏదో ఒకటి చెయ్యమన్నారు." ఆ పిల్ల మొహం రెండు చేతుల్తో రుద్దుకుంది. "మ్యూజియంకి ఇద్దామంటే ఎవరు కొన్నారని అడుగుతారు కదా. డాడీ పేరు వస్తుంది. అందుకే ప్రీస్ట్ వాటర్ అనగానే ఓకే అన్నా. ఎవరికీ తెలియకుండా అయిపోతుంది కదా అని."

ముగ్గురికీ తెలుసు. ఒకే ఇంట్లో, ఒకే రాయి ముందు, ముగ్గురూ దండాలు పెట్టుకుంటూ ఒకరి నుంచి ఒకరు దాచుకున్నారు. ముగ్గురిదీ ప్రేమే. అది ప్రేమ కాకుండా ఇంకేదైనా అయ్యుంటే, ఆ రాయి ఈపాటికి దాని గూట్లో ఉండేది.

ఆ పిల్ల బోటువాడికి ఫోను చేసింది. స్పీకర్లో అతని మాట నేనూ విన్నాను. అక్కడ అడుగంతా మెత్తటి బురద, బరువైనది దిగిపోతుంది, పైగా ఆటుపోట్లు, సారీ మేడమ్ అన్నాడు. ఫోను పెట్టేసి తల్లి ఐప్యాడ్ తెచ్చి నా ముందు పెట్టింది. పాటన్ మాస్టారి మెసేజీ అందులో ఉంది. ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు వచ్చినట్టుంది, ఎవరూ తెరవలేదు. గూటికి ఇనప తలుపు బిగించారు, పచ్చరంగు వేశారు. వాకిలివాళ్ళంతా దాని పక్కన నిలబడి ఉన్నారు. ఫోటో కింద ఇంగ్లీషులో ఒక్క ప్రశ్న, ఎప్పుడు తీసుకొస్తున్నారు అని.

"నువ్వుండు, మాస్టారికి నేను రాస్తాను," అన్నాను.

"వద్దు ఆంటీ," అంది. ఐప్యాడ్ ఒళ్ళో పెట్టుకుని, నేను కూర్చున్న మెట్టు మీదే కూర్చుని, ఆగి ఆగి టైప్ చేసింది. పక్కనుంచి చదువుతున్నాను. మొదటి వాక్యంలో వాళ్ళ నాన్న పేరు రాసింది, ఇంటిపేరుతో సహా. రెండో వాక్యంలో తన పేరు రాసి, మీ దేవుళ్ళని నీళ్ళలో వదిలింది నేనే అని రాసింది.